అడుగు చెక్క

మా బావ శవపేటికలు చేస్తాడు. ఈ మాట వినగానే జనం ముఖం అదోలా పెడతారు. ఆ తర్వాత, ఎందుకైనా మంచిదని ఫోన్ నంబరు తీసుకుంటారు. నేను ఆయన భార్యకి తమ్ముణ్ణి. పెట్టె లోపల తెల్లగుడ్డ పరిచి, చిన్న మేకులతో బిగించడం నా పని. కాబట్టి ఇది చదువుతూ బావని తిట్టుకున్నప్పుడల్లా నన్నూ ఒక మాట అనుకోండి. నాకేం అభ్యంతరం లేదు. ఉన్నా చెప్పుకునే ముఖం లేదు.

మా దుకాణం చర్చి ఎదురుగా, పళ్ళ డాక్టరుకీ సైకిల్ షాపుకీ మధ్య ఉంటుంది. పొడవాటి గది. పెట్టెలు గోడకి నిలువుగా ఆనించి ఉంటాయి, మూతలు వాటి పక్కన. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళు ఇటు చూడకుండా గబగబా నడుస్తారు. లోపలంతా జిగురు వాసన, రంపపు పొట్టు. మా టీలో కూడా ఆ పొట్టు తేలుతుంది, తాగేస్తాం.

బావకి ఒక అలవాటుండేది. పెట్టె పూర్తికాగానే, నేను గుడ్డ కొట్టకముందే, చెప్పులు విప్పి అందులో పడుకునేవాడు. చేతులు గుండెల మీద పెట్టుకుని, అందులోకి రాబోయే మనిషి కోసం ప్రార్థన చేసేవాడు. లేచాక, "భుజం దగ్గర ఒరుసుకుంటోందిరా," అంటూ మళ్ళీ చిత్రిక పట్టేవాడు. చచ్చినవాడికి ఒరుసుకుంటే ఏంటి బావా అంటే, "వాళ్ళు చెప్పుకోలేరు కదా, అందుకని," అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. కానీ ఆ ఒక్క మాటకే ఆయనంటే నాకు చాలా గౌరవం.

తర్వాత ఆయన్ని చర్చిలో సంఘ పెద్దని చేశారు. పాడవడం అక్కణ్ణుంచే మొదలైందని నేననను, సంఘంలో వాళ్ళు నన్ను బతకనివ్వరు. కానీ అక్కణ్ణుంచే మొదలైంది.

ముందు పిడులు మారాయి. ఇత్తడి పోయి, ఇత్తడి రంగేసిన రేకు వచ్చింది. "మట్టిలోకి పోయేదానికి ఇత్తడెందుకురా?" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. తర్వాత స్క్రూలు పోయి మామూలు మేకులు వచ్చాయి. ధర మాత్రం ఉన్నచోటే ఉంది. ప్రతిదానికీ ఆయన దగ్గర ఒక వాక్యం సిద్ధంగా ఉండేది. ఈ లోకపు వస్తువుల మీద ఆశ వద్దన్న ఉపదేశాన్ని తనకి కాకుండా శవాలకి వర్తింపజేసిన మొదటి మనిషి బహుశా మా బావే.

చివరికి అడుగు చెక్క దాకా వచ్చాడు. ఫ్యాక్టరీలకి సామాన్లు వచ్చే ప్యాకింగ్ పెట్టెలు విప్పితే పల్చటి చెక్కలు వస్తాయి. వాటిని అతికించి అడుగు వేశాడు. వాటి మీద నల్లరంగుతో 'పగిలే సామాను' అనీ, 'ఈ వైపు పైకి' అనీ అచ్చు, పక్కన బాణం గుర్తు. "గుడ్డ కాస్త దట్టంగా కొట్టు," అన్నాడు. రెండు పొరలు వేశాను. అక్షరం ముక్క కనబడలేదు. నా పనితనం అంతకుముందెప్పుడూ అంత బాగా లేదు.

అలా మిగిలిన మంచి టేకుతో ఏం చేశాడనుకున్నారు? చర్చికి ప్రసంగ వేదిక చేసి కానుకిచ్చాడు. ముందువైపు ద్రాక్షతీగలు చెక్కాడు. దాత పేరు మాత్రం రేకు మీద కాదు, అసలు ఇత్తడి మీద. పాస్టరుగారు ఆ వేదిక మీద చేతులానించి మా బావ త్యాగం గురించి మాట్లాడుతుంటే, నేను నా చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఒకరోజు వడ్డిస్తూ అక్క అడిగింది.

"ఈమధ్య పెట్టెల్లో పడుకోవడం లేదేంటండీ?"

"నడుం నొప్పి."

"మొన్న చర్చిలో నిచ్చెనెక్కి బల్బులు మార్చారుగా, అప్పుడు లేదా?"

బావ నీళ్ళు తాగాడు.

"పోనీ ప్రార్థన? అది కూడా నడుంతోనే చేస్తారా?"

నడుం కాదని ముగ్గురికీ తెలుసు. కదలకుండా ఉన్న శవాన్ని సమాధుల తోట దాకా ఆ పల్చటి చెక్క మోస్తుంది. కాలుపెట్టి దిగి, లేచే మనిషిని మొయ్యదు. ఇంట్లో ప్రార్థన కూడా రెండు ముక్కల్లో ముగించి ఆమెన్ అనేసేవాడు. చర్చిలో మైకు ముందు మాత్రం పావుగంట. నా బాధల్లా ఏంటంటే, ఆయన భక్తి నాటకం కాదు. చిన్నప్పట్నుంచీ దేవుడంటే ఆయనకి ప్రాణం. అది కళ్ళముందే చేజారిపోతోంది, పట్టుకోవాల్సిన మనిషి రేకు పిడులు బిగించుకుంటున్నాడు.

అలాంటప్పుడు ఒక ఉదయం టీచరమ్మ వచ్చింది. మా ఇద్దరికీ సండే స్కూల్లో పాఠాలు చెప్పినావిడ. ఎనభై దాటాయి, నోరు మాత్రం ఇంకా పాతికేళ్ళ దగ్గరే ఉంది.

"నా పెట్టె చూసుకుందామని వచ్చాన్రా. పోయాక చూసుకోలేను కదా."

బావ గోడకున్న పెట్టెల వైపు చూశాడు. ఆవిడ కోసమని రెండు మంచి చెక్కలు దాచాడు, నిజంగానే దాచాడు. కానీ పాస్టరుగారు పొట్టి. వేదిక వెనక ఆయన జుట్టు తప్ప ఏమీ కనబడ్డం లేదని, పోయిన నెలే ఆ రెండు చెక్కలూ మెట్టుగా వేశాడు.

గోడకున్న పెట్టెల్లో ఒకటి దింపి చూపించాడు. ఆవిడ చుట్టూ తిరిగింది.

"నువ్వు ముందు పడుకుంటావటగా? పడుకో మరి, చూస్తాను."

"నడుం నొప్పి టీచరుగారూ."

"సరే, నేనే పడుకుంటా." చెప్పులు విప్పి, నా భుజం పట్టుకుని, ఒక కాలు ఎత్తింది.

సన్నటి మనిషి. ఆగినా ఆగేదేమో. బావ కూడా ఆ లెక్కే వేసుకున్నాడని ఆయన కళ్ళు చూసి నాకర్థమైంది. నేనూ నోరు మెదపలేదు. ఆవిడ పాదం గుడ్డకి తాకబోతుండగా, "వద్దు!" అని అరిచాడు.

"ఏం?"

"విరుగుతుంది."

"నన్ను మొయ్యదా? చచ్చాక బరువు తగ్గుతానా నేను?"

"కదలకుండా ఉంటే ఆగుతుందండీ."

"అంటే పోయాక బుద్ధిగా పడుండాలన్నమాట!"

ఆవిడ వంగి, నేను కొట్టిన మేకుని గోరుతో పీకేసింది. మా చెవులు మెలిపెట్టిన వేళ్ళు, వాటికి మేకొక లెక్కా? రెండు పొరలూ ఎత్తి, కళ్ళజోడు సర్దుకుని చదివింది.

"పగిలే సామాను. నేనేమన్నా పింగాణీ గిన్నెనట్రా? ఈ వైపు పైకి... బాణం కాళ్ళవైపు పెట్టావు కదరా, దరిద్రుడా! కనీసం పరలోకం వైపైనా తిప్పలేకపోయావా?"

నాకు నవ్వొచ్చింది. బావ వైపు చూస్తే నవ్వు పోయింది.

"ఎంతమందికి ఇలా?" అంది ఆవిడ, ఈసారి నెమ్మదిగా.

బావ మనుషుల్ని పొడవుతో గుర్తుపెట్టుకుంటాడు. "అయిదడుగుల ఎనిమిది, పోస్టాఫీసు గుమాస్తా. అయిదడుగుల రెండు, ఆయన చెల్లెలు. ఆరడుగులు, బస్సు డ్రైవరు..." ఒక్కరినీ మర్చిపోలేదు. "మూడడుగుల..." దగ్గర ఆగి ఏడ్చేశాడు. నాకు చిరాకేసింది, ఎందుకంటే నాకూ ఏడుపొస్తోంది.

"నాకు చెప్తే ఏం లాభం? వాళ్ళకి చెప్పు," అని ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ముందు పాస్టరుగారి దగ్గరికెళ్ళాం. ఆయన టేకు వేదికని నిమురుతూ, "ఇది నీకూ దేవుడికీ మధ్య విషయం బ్రదర్. పదిమందికీ చెప్పి సంఘానికి మచ్చ తేవడం ఎందుకు?" అన్నాడు.

"దేవుడికి ముందే తెలుసండీ. తెలియంది వాళ్ళకే," అన్నాడు బావ. సంఘ పెద్దగా ఆయన చివరి మాట అదే. మరుసటి ఆదివారానికి ఇంకొకర్ని ఎన్నుకున్నారు.

తర్వాత ఇంటింటికీ తిరిగాం. గుమాస్తా కొడుకు నవ్వేశాడు. "మా నాన్న బతికున్నప్పుడూ కిర్రుమనే మంచం మీదే పడుకున్నాడు, తేడా తెలిసుండదులెండి," అన్నాడు. డ్రైవరు భార్య చీపురు తీసింది. ఆమెది ధర్మాగ్రహమే, కానీ దెబ్బలు నాకు తగిలాయి. ఎక్కువమంది మాత్రం మమ్మల్ని వింతగా చూశారు. ఎప్పుడో పాతిపెట్టినదాని గురించి ఇప్పుడెందుకీ గొడవ అన్నట్టు. ఒక్కో గడప దిగుతుంటే బావ భుజాలు కాస్త తేలికపడటం చూశాను. నాకూ హాయిగానే ఉంది. చీపురు దెబ్బతో సహా.

పుస్తకాలు బైండింగ్ చేసే ఆవిడ ఇల్లు ఆఖరున పెట్టాం. ఆ మూడడుగులవాడు, ఆవిడ ఆరేళ్ళ కొడుకు, జ్వరంతో పోయి రెండేళ్ళు. మేం వెళ్ళేసరికి నేలమీద కూర్చుని అట్టలకి జిగురు రాస్తోంది. కూర్చోమని చాప వేసింది. బావ కూర్చోకుండానే చెప్పాడు. చెక్క గురించి, అక్షరాల గురించి, గుడ్డ గురించి, ఏదీ దాచలేదు. ఆమె చేతిలో బ్రష్ ఆగిపోయింది.

"వాడిది కూడానా?" అంది.

"వాడిది కూడానమ్మా."

జిగురు ఆరిపోతున్న అట్టని పక్కన పెట్టింది.

"వాడికి ఏ మందూ పనిచెయ్యలేదు. ఏ డాక్టరూ ఏం చెయ్యలేకపోయాడు. మంచి పెట్టెలో పెట్టి పంపించాను, ఆ ఒక్కటైనా సరిగ్గా చేశాను అనుకుని పడుకుంటున్నానండీ ఇన్నాళ్ళూ." తలెత్తి బావ వైపు చూసింది. "ఇవాళ అది కూడా తీసుకుపోవడానికి వచ్చారా?"

నేనేదో సర్దిచెప్పబోయాను. బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అవునమ్మా," అన్నాడు.