మూడు కామాలు

ఆ వీధిలో అర్జీలు టైపు చేసే కొట్టు ఒక్కటే. దాని యజమానిని అందరూ కామా మాస్టారంటారు. ఆయన పాఠాలు చెప్పిందేమీ లేదు. కామా ఎక్కడ పెట్టాలో అర్జీ రాయించుకునేవాడితోనే వాదనకు దిగుతాడు, అంతే. అర్జీ సంగతి దేవుడెరుగు, కామా మాత్రం నిలబడి తీరాలి.

పొద్దున్నపూట కొట్టులోని కంప్యూటరు ముందు ఆయన భార్య కూర్చునేది. సాగదీసి టైపు చేయడమంటే ఆమెకు ఒళ్లుమంట. రెండక్షరాలు కొట్టి స్పేసు నొక్కితే చాలు, ‘తమకు విన్నవించుకొనునది ఏమనగా’ అని వాక్యమంతా పడేలా ఏర్పాటు చేసుకుంది. అలాంటివి చాలా పెట్టింది. ఒకటి మాత్రం మొగుడి కోసమే. వాక్యం ఎక్కడ విరవాలో తోచకపోతే కామా మీటను మూడుసార్లు కొట్టడం ఆయన అలవాటు. అలా కొట్టి స్పేసు నొక్కగానే, అర్జీ మధ్యలో భోజనానికి లెమ్మని ఆమె మాట ప్రత్యక్షమయ్యేది. “పనికి అడ్డం పడతావేమే” అని విసుక్కుని చెరిపేసేవాడు. వెనకనుంచి ఆమె పకపకా నవ్వేది.

ఆమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ కొట్టు మూసే ఉంది. అక్కాబావలకు ఏదో ఒకటి చేసిపెట్టాలని బావమరిది తాపత్రయపడ్డాడు. కంప్యూటరు నత్తనడక చూడలేక, ఫైళ్లన్నీ వేరే డిస్కులో దాచి, పాతదంతా తుడిచి, దాని బదులు లినక్స్ అనే ఉచిత సిస్టం ఎక్కించాడు. ఫైళ్లన్నీ భద్రంగా తిరిగొచ్చాయి. ఆమె రాలేదు.

కొట్టు మళ్లీ తెరిచిన రోజు బావమరిది పక్కన కూర్చున్నాడు.

“రాసుకోవడానికి ఇందులో చాలా సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి బావా. అన్నీ ఉచితమే. చూసి ఎంచుకో.”

మొదటిది ఇట్టే తెరుచుకుంది. పాత అర్జీల అంచులు మాత్రం చెదిరాయి. మాస్టారు అంచుల వైపు కన్నెత్తి చూడలేదు. మూడు కామాలు కొట్టి స్పేసు నొక్కాడు. కామాలు కామాల్లాగే ఉన్నాయి. రెండోది చూడముచ్చటగా ఉంది. అక్కడా అంతే. మూడోది లిబ్రాఫీస్. పాత అర్జీలు పొల్లు పోకుండా తెరుచుకున్నాయి. ఆయన గుండెలో ఆశ పుట్టింది. మళ్లీ కొట్టాడు. కామాలే.

“అసలు నీకేం కావాలి బావా?”

చెప్పాడు. కుర్రవాడి మొహం పాలిపోయింది.

“అవి ఫైళ్లలో ఉండవు బావా. పాత సాఫ్ట్‌వేర్‌తోనే పోయాయి. నాకు తట్టనే లేదు.” కీబోర్డు తనవైపు లాక్కుని, “ఇందులోనూ అలా పెట్టుకోవచ్చు. అక్క ఏం రాసిందో చెప్పు, అచ్చం అలాగే పెడతాను” అన్నాడు.

మాస్టారు నోరు తెరిచాడు. ‘అర్జీ ఎక్కడికీ పోదు’ అని ఉండేదా, ‘పారిపోదు’ అనా? ‘లేవండి’ అనేదా, ‘లేస్తారా’ అనేదా? ఊరందరి కామాలూ గుర్తున్న మనిషికి పెళ్లాం మాట గుర్తు రాలేదు.

“ఏదో ఒక అర్జీలో మిగిలే ఉంటుందిలే బావా” అని బావమరిది ఫైళ్లన్నీ వెతికించాడు. ‘భోజనం’ అని కొట్టాడు, ‘అన్నం’ అని కొట్టాడు. ఎక్కడా లేదు.

“అన్నిట్లోనూ చెరిపేశావు బావా.”

“ఒక్కదాంట్లోనైనా తప్పు వదిలేయాల్సిందిరా” అని మాస్టారు బల్లమీద తల పెట్టుకుని ఏడ్చాడు.

లిబ్రాఫీసే ఉంచారు. పని బాగానే సాగుతోంది. ఇప్పటికీ వాక్యం ఎక్కడ విరవాలో తోచకపోతే ఆయన వేలు కామా మీటను మూడుసార్లు కొడుతుంది. స్పేసు నొక్కి కాసేపు చూస్తాడు. తర్వాత ఒక్కొక్క కామానే చెరిపేస్తాడు.