జంట నక్షత్రం పావలా

నా చిన్నప్పుడు ఒక మండు వేసవిలో మా తాత వాళ్ల వీధి వీధంతా నా కడుపు గురించే మాట్లాడుకుంది. గోడ మీదుగా ఒకరు, గుమ్మంలో నిలబడి ఒకరు, పాలు పోయడానికి వచ్చి ఒకరు, అందరిదీ ఒకటే ప్రశ్న: "పడిందా?" లేదని మా అవ్వ తల అడ్డంగా ఊపేది. పడాల్సింది ఒక పావలా బిళ్ల. అది నా కడుపులో ఉంది.

సెలవులకు తిరుపతి నుంచి చిత్తూరుకు, అమ్మ పుట్టింటికి వచ్చి ఉన్నాను. మా తాతకు మామిడికాయల మండీ ఉండేది. పొద్దంతా మండీలో గొంతు చించుకుని వేలం పాడే మనిషి, ఇంటికొచ్చి చిల్లర సంచి కుమ్మరించుకుంటే మాత్రం నోరు విప్పేవాడు కాదు. భూతద్దం పట్టుకుని ఒక్కొక్క బిళ్లనూ తిప్పి, సంవత్సరం కింద ఉండే చిన్న గుర్తును చూసేవాడు. బొంబాయిలో కొట్టినదానికి డైమండు గుర్తు, హైదరాబాదుదానికి నక్షత్రం, కలకత్తాదానికి ఏమీ ఉండదు. అచ్చు తయారుచేసేటప్పుడు ఆ గుర్తు మొదటి దెబ్బకు సరిగ్గా దిగకపోతే దాని మీదే ఇంకో దెబ్బ కొడతారట. అప్పుడు రెండు గుర్తులు, ఒకటి కాస్త పక్కకు జరిగి, ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. ఆయన వెతుకులాటంతా అలాంటివాటి కోసమే. బజారులో వాళ్లు దాన్ని పిచ్చి అనేవాళ్లు. అవ్వ కాస్త మర్యాదగా, "ఉప్పుకూ పప్పుకూ పనికిరాని పని" అనేది.

ఏళ్ల తరబడి వెతగ్గా ఆయనకు ఒక్క పావలా దొరికింది. ఐదు కొనలుండాల్సిన నక్షత్రానికి పది కొనలు. రేకు పెట్టెలో ఎర్ర గుడ్డ పరిచి దాన్ని పెట్టుకున్నాడు. నన్ను తప్ప ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. "ఇట్లాంటిది నా జన్మలో మళ్లా దొరకదు పాపా, బాగా సూసుకో" అంటూ నా అరచేతిలో పెట్టేవాడు.

ఆ రోజు గదిలో వెలుతురు చాలక, పిట్టగోడ ఎక్కి ఎండలో చూద్దామనుకున్నాను. ఒక చేతిలో భూతద్దం, రెండో చేత్తో గోడ పట్టుకోవాలి. బిళ్లను పెదాల మధ్య పెట్టుకున్నాను. కాలు తడబడింది. నేను పడలేదు గానీ బిళ్ల గొంతులోకి జారిపోయింది.

ఆసుపత్రిలో ఫోటో తీస్తే నా ఎముకల మధ్య తెల్లగా గుండ్రంగా కనిపించింది. డాక్టరు మంచాయన. కడుపులోకి దిగింది కాబట్టి దానంతట అదే వస్తుందన్నాడు. బాగా తినిపించమన్నాడు, భయపెట్టొద్దన్నాడు, నొప్పి వస్తే వెంటనే తీసుకురమ్మన్నాడు. మావాళ్లు తినిపించమన్న మాట ఒక్కటే విన్నారు.

అప్పటి నుంచి నాకు ఇల్లే జైలు. "గడప దాటినావంటే కాళ్లిరగ్గొడతా" అని అవ్వ వీధి తలుపుకు గొళ్లెం పెట్టేసింది. బయట పిల్లలు ఆడుకుంటున్న కేకలు వినపడుతుంటే కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేదాన్ని. మూడు పూటలూ అన్నం, అరటిపండ్లు. మామిడిపండు వేడి చేస్తుందని ముట్టనివ్వలేదు. చిత్తూరులో, మండీ ఉన్న ఇంట్లో, మే నెలలో! పండ్ల వాసన ఇంటి నిండా ఉండేది, నోట్లోకి అరటిపండు వచ్చేది. అంతకన్నా పెద్ద శిక్ష పొద్దున్నే పెరటి మూల బూడిద పోసిన చోట కూర్చోవడం. అవ్వ పుల్ల పట్టుకుని కాపలా ఉండి, తర్వాత వెతికేది. పిల్లదాన్నే అయినా సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

వాటన్నిటినీ ఎట్లాగో ఓర్చుకున్నాను. పక్కింటి పెద్దమ్మ ఒక రోజు పరామర్శకు వచ్చి, నేను పక్కనే ఉన్నానన్న ఆలోచన కూడా లేకుండా, "మా పలమనేరు పక్కన ఒక పిలగాడు ఇట్లే బిళ్ల మింగినాడంటక్కా. లోపలే చిలుం పట్టి దక్కలేదంట, పాపం" అని అవ్వతో చెప్పింది. ఆ మాటతో నాకు అన్నం దిగడం మానేసింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఇనుము రుచి. కళ్లు మూసుకుంటే ఆ తెల్లటి గుండ్రం. నేను చచ్చిపోతానని నాకు నేనే తీర్మానించుకున్నాను. తినకపోతే అది కదలదని అవ్వ ఏడ్చేది. ఆమె ఏడిస్తే నా భయం ఇంకా పెరిగేది.

ఒక పొద్దున తాత, "ఈ పొద్దు నేను సూస్తాలే, నువ్వు లోపలికి పో" అని అవ్వ చేతిలోంచి పుల్ల తీసుకున్నాడు. తిన్న పళ్లెం కూడా తీయని మనిషి! అవ్వ వెనక్కి వెనక్కి చూసుకుంటూ లోపలికి వచ్చింది. కాసేపటికి పెరట్లోంచి కేక. "పడింది! కడిగి తెస్తాండా!" తడి చేతిలో పావలా తళతళలాడుతోంది. "సూడు పాపా, బయటికొచ్చేసినాది. ఇంక నీకేం కాదు." అవ్వ కర్పూరం వెలిగించింది. గొళ్లెం తీశారు. నేను ఆ పూట కడుపు పట్టినంత అన్నం తిన్నాను, దాని మీద మామిడిపండు తిన్నాను, పొద్దుపోయేదాకా వీధిలో ఆడాను.

మర్నాడు తాత మండీకి వెళ్లాక, ముచ్చటపడి పెట్టె తెరిచి భూతద్దం పెట్టి చూశాను. ఎర్ర గుడ్డ మీద పావలా ఉంది. సంవత్సరం అదే. నక్షత్రానికి మాత్రం ఐదు కొనలే.

నాది నాలోనే ఉంది. తలుపులన్నీ తెరిచి ఉన్నా నాకు మాత్రం అన్నీ మూసుకుపోయినట్టయింది. ఎవరికి చెప్పను? చెబితే మళ్లీ గొళ్లెం, మళ్లీ అవ్వ ఏడుపు. చెప్పకపోతే చిలుం. తాత మీద కోపం కూడా వచ్చింది. ఏ బిళ్ల ఏదో చూసి చెప్పడం నాకు నేర్పించిన మనిషే నన్ను మోసం చేశాడని ఉక్రోషపడ్డాను.

ఆ తర్వాతి పొద్దున, అలవాటు కొద్దీ ఆ పెరటి మూలకే వెళ్లి వచ్చేశాక, ఎందుకో వంటింటి కిటికీలోంచి చూశాను. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. తాత పంచె ఎగ్గట్టుకుని, బూడిద మూలలో గొంతుకూర్చుని, పుల్లతో వెతుకుతున్నాడు. ఎవరైనా చూస్తారేమోనని మధ్య మధ్య వెనక్కి తిరుగుతున్నాడు. నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. నా భయాన్ని ఆయన తన నెత్తిన వేసుకున్నాడని ఆ వయసులోనే అర్థమైంది. ఆ రోజు నుంచి నేను ఏమీ తెలియనట్టు ఉన్నాను. పెట్టింది తిన్నాను, అడిగి మరీ తిన్నాను. రోజూ కిటికీ దగ్గరికి వెళ్లి ఆయన్ను చూసేదాన్ని.

ఒక పొద్దున ఆయన చేయి ఆగింది. వంగి దేన్నో తీసుకుని, చెంబు నీళ్లతో కడిగి, ఆకాశం వైపు పట్టి చూశాడు. తర్వాత బట్టలుతికే బండ మీద కూలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. మా తాత ఏడవడం నేను చూసింది అదొక్కసారే. నేను కూడా కిటికీ కింద కూర్చుని ఏడ్చాను, బతికాను గదా అని.

సెలవులు అయిపోయాక ఆయనే నన్ను తిరుపతికి తీసుకుని బయలుదేరాడు. బస్సులో కండక్టరు, "పావలా చిల్లర ఉంటే ఇయ్యప్పా" అన్నాడు. తాత జేబులో చిల్లర గలగలమంటూనే ఉంది. ఆయన మాత్రం తువ్వాలు కొసన వేసుకున్న ముడి విప్పాడు. అందులో ఒకే బిళ్ల, కాస్త నల్లబడి ఉంది. సంవత్సరం మీద బొటనవేలితో ఒకసారి రుద్ది కండక్టరు చేతిలో పెట్టాడు.

పెట్టెలో దాని చోట ఇంకో బిళ్ల ఉంది. దాన్ని తీసి నల్లబడిన దీన్ని పెట్టినా, ఇంట్లో ఇంకెక్కడ దాచినా, ఎప్పుడో నా కంట పడి తను చెప్పింది అబద్ధమని నాకు తెలిసిపోతుందని అనుకుని ఉంటాడు. ఒక్క మాట అంటే సరిపోయేది. "తాతా, నాకు తెలుసు, అది ఇవ్వొద్దు" అంటే ఆ పావలా ఆయనకు దక్కేది. కానీ తను చెప్పిన ధైర్యం ఒక్క రోజు కూడా నిలవలేదని ఆయనకు తెలిసిపోయేది. కండక్టరు తోలు సంచిలో పడేసి ముందు సీటుకు వెళ్లిపోయాడు. "నిద్రొస్తే పండుకో పాపా" అని తాత నా తలను తన భుజానికి ఆనించుకున్నాడు.

ఆయన పోయేదాకా ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు నా వయసు వాళ్ల ఇళ్లల్లో జబ్బులు మామూలయ్యాయి. ఎవరినైనా చూడబోతే "ఏం కాదులే" అనే మాట అందరి నోటా ఊరికే వచ్చేస్తుంది. నాకు అంత సులువుగా రాదు. చాలాసార్లు ఏమీ అనకుండా పక్కన కూర్చుని వచ్చేస్తాను. అన్నానంటే మాత్రం, ఆ మాట నిజం చేయడానికి తాత లాగే మర్నాడు తెల్లవారకముందే లేస్తాను.