మూడు దువ్వెనలకు కట్టిన చీటీలు

మ్యూజియంలో ఆయన్ని అందరూ చీటీలాయన అనేవారు. ఎవరో ఏనాడో ఊరూరా తిరిగి సేకరించిన బుట్టలు, వలలు, రోకళ్ళు, దువ్వెనలు ఆయన చేతి కింద ఉండేవి. ఏది ఎవరిదో రాసిన అట్టముక్కను దారంతో కట్టి ఉంచడం ఆయన పని. ముప్పై ఒక్క ఏళ్ళు అదే చేశాడు. పెద్ద చదువులవాళ్ళు కూడా అనుమానం వస్తే పుస్తకం పక్కనపెట్టి ఆయన్నే అడిగేవారు. ఆ సంగతి ఇంట్లో రోజుకోసారైనా చెప్పుకోకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు.

అంతటివాడికీ ఒక గుట్టు ఉంది. చేరిన రెండో ఏట పైకప్పు కారి ఒక అర తడిసింది. తడిసిన చీటీలన్నీ విప్పి, వస్తువుల వరుసలోనే బల్లమీద పరిచాడు. అక్కడిదాకా బాగానే ఉంది. త్వరగా ఆరుతాయని ఫ్యాను వేశాడు మహానుభావుడు. చీటీలు గదంతా ఎగిరాయి. ఏరుకొచ్చి, పాత రిజిస్టరు చూసి, చాలావాటికి సరిగ్గానే కట్టాడు. మూడు దువ్వెనల దగ్గరే చిక్కొచ్చింది. ఒకటి నది ఒడ్డువాళ్ళది, ఒకటి కొండవాళ్ళది, ఒకటి ఉప్పుమళ్ళవాళ్ళది. రిజిస్టరులో మూడింటికీ ‘కొయ్య దువ్వెన’ అనే ఉంది. కొత్త ఉద్యోగం, ఇంట్లో నెలల పసిపిల్ల. భయపడి, తోచినట్టు కట్టేసి ఊరుకున్నాడు.

ఏళ్ళు గడిచాయి. ఆ దువ్వెనలు అద్దాల పెట్టెలోకి ఎక్కాయి. ఇప్పుడు కొత్తగా వచ్చిన మేడమ్ ఈ సేకరణ చరిత్రంతా పుస్తకంగా రాసి, అచ్చుకు పంపేముందు ఒకసారి చూడమని కాగితాలు ఆయన చేతిలో పెట్టింది. దువ్వెనల మీదే నాలుగు పేజీలున్నాయి. ఆ సాయంత్రం ఇంట్లో భార్యకు అంతా చెప్పాడు.

“వచ్చే నెల రిటైరవుతున్నారు. ఇప్పుడు నోరు విప్పితే ఇన్నేళ్ళ మంచిపేరు మూడు దువ్వెనలకి పోతుంది,” అంది భార్య.

“అచ్చులో పడితే ఇక అదే నిజమైపోతుందే.”

“చెప్పాలని తేల్చుకునే వచ్చారుగా. మళ్ళీ నన్ను అడగడం దేనికి?”

మర్నాడు నీళ్ళు నములుతూ మేడమ్‌తో మొత్తం చెప్పాడు. ఆమె తిట్టలేదు. “ఏది ఎవరిదో ఇప్పుడెలా తెలుస్తుందండీ?” అంది.

“వాళ్ళనే అడుగుదాం మేడమ్,” అన్నాడాయన. ముప్పై ఏళ్ళలో ఈ మాట ఒక్కసారైనా తోచనందుకు సిగ్గుపడ్డాడు.

తనే బస్సెక్కి ఉప్పుమళ్ళ దగ్గరి వాడకు వెళ్ళి, దువ్వెనలు చేసే ఇంటి ముసలమ్మను వెంటబెట్టుకొచ్చాడు. చీటీలు తీసేసి మూడు దువ్వెనలూ గుడ్డమీద పెట్టారు. ఆమె ఆలోచించనైనా లేదు, మధ్యదాన్ని అందుకుంది.

“ఇది మాది. పళ్ళ మొదట్లో రెండు గీతలు చూడు నాయనా. ఉప్పుగాలికి కొయ్య చీలకుండా అక్కడ నూలు చుడతాం.”

అది ఇన్నాళ్ళూ నది ఒడ్డువాళ్ళ పేరు కింద ఉన్న దువ్వెన.

“ఇది మా అమ్మమ్మ చేతిది,” అందామె. “మా అమ్మ ఒకసారి ఇక్కడికొచ్చి గుర్తుపట్టింది. మాదేనని చెబితే, చీటీమీద అలా లేదమ్మా, నువ్వే పొరబడ్డావని ఎవరో అన్నారంట.”

చీటీలాయన ఎంత తవ్వుకున్నా ఆ రోజు గుర్తుకు రాలేదు. అలా వచ్చినవాళ్ళు ఎందరో, తను చెప్పే జవాబు ఒక్కటే. అయినా ఆ మాట అన్నది తనేనని తెలుసు. చీటీ సంగతి చెప్పి పంపేవాడు ఆ భవనంలో ఇంకొకడు లేడు.

“అది నేనేనమ్మా,” అన్నాడు. “తప్పు నాది. మీ అమ్మ చెప్పిందే నిజం.”

ముసలమ్మ దువ్వెన పళ్ళమీద వేలు రాసింది.

“కోపం లేదులే నాయనా. చదువుకున్నవాళ్ళ మాటని అమ్మ నమ్మేసింది. కన్నతల్లి చేతిపనే పోల్చుకోలేకపోయానని, పోయేదాకా తననే తిట్టుకుంది.”