కళ్లకద్దుకున్న నాడె

శివకృష్ణ ప్రతి ఉదయం తన మరమగ్గం సాంచెను నడిపే ముందు, పోగును అటూ ఇటూ మోసే నాడెను రెండు చేతులా తీసి, కులదైవం మార్కండేయుణ్ణి తలచుకొని, కుడికంటికీ ఎడమకంటికీ అద్దుకునేవాడు. తాత, తండ్రి కూడా అట్లాగే మగ్గానికి మొక్కినవాళ్లు. సూరత్‌లో మరమగ్గాల కార్ఖానాలో చేరినా అతను ఆ అలవాటు మానలేదు.

కరోనా వచ్చాక మూతికి మాస్కు తప్పలేదు. ఊపిరి విడిచినప్పుడల్లా కళ్లద్దాలకు ఆవిరి పట్టేది. పోగు తెగినా కనిపించేది కాదు.

"ఏంది అల్లుడా, సోడాబుడ్లల్ల పొగమంచు వడ్డదా?" అని వరస కలిపి పిలిచే పక్క సాంచె గంగారాం ఎగతాళి చేసేవాడు. చేస్తూనే వచ్చి, తెగిన పోగు ముడివేసి పోయేవాడు.

మరుసటి ఏడు రోగం కాస్త నెమ్మదించాక శివకృష్ణ లేజర్‌తో చూపు సరిచేయించుకున్నాడు. నెలరోజులు కంట్లో నీళ్లు పడొద్దని, దుమ్ము చేరొద్దని, చెయ్యి అసలే పెట్టొద్దని డాక్టర్ చెప్పాడు. అన్నీ పాటించాడు. ఆరోరోజు పనిలోకి వెళ్తే పోగుపోగూ విడివిడిగా కనబడింది. ఆ సంతోషంలో నాడెను కళ్లకద్దుకున్నాడు. దేవుడి వస్తువైనా కంటికి తగిలితే తగిలినట్టేనని అతనికి తోచనే లేదు.

మూడోనాటికి కుడికన్ను ఎర్రబడి చీము పట్టింది. నల్లగుడ్డు మీద తెల్లమచ్చ. బాక్టీరియా చేరి పుండు పడిందనీ, ఆలస్యమైతే చూపే పోతుందనీ డాక్టర్ చెప్పి, వెంటనే లేజర్‌తో కోసిన కంటిపొర ఎత్తి కడిగాడు. గంటగంటకూ చుక్కల మందు వేయమన్నాడు. మందు చల్లగా ఉండాలి. వీళ్లింట్లో ఫ్రిజ్ లేదు.

కింది వాటాలోని జశుబెన్ తన ఫ్రిజ్‌లో చోటిచ్చింది. రోగభయం ఇంకా పోక ఎవరూ ఎవరి గడపా తొక్కని ఆ రోజుల్లో తలుపు బార్లా తెరిచి పెట్టి, గంట కాగానే తానే కేకేసేది: "సంగీతా, టైమ్ హో గయా, దవా లే జా!" శివకృష్ణ భార్య సంగీత పరుగున దిగి మందు తీసుకుపోయేది.

పన్నెండో రోజుకు మచ్చ తగ్గుముఖం పట్టింది. కన్ను దక్కిందని, చూపు ఎంత నిలుస్తుందో ఇంకా చెప్పలేనని డాక్టర్ అన్నాడు. ఆ సాయంత్రం గంగారాం వచ్చి గడప అవతలే నిలబడ్డాడు.

"నువ్వు అద్దుకుంటాంటె నేను జూసిన అల్లుడా. జర ఆగుమని అనకపోతి."

"నాకే తోచలే, నీకెట్ల తోస్తది మామా? నా సాంచె ఎవరు నడుపుతున్నరు?"

"కొత్తోడు. మొక్కడు పాడడు, బటన్ ఒత్తుతడు."

శివకృష్ణ బాగున్న ఎడమకంటితో గంగారాంను చూశాడు.

"మామా, ఒక్క పని జేసి పెడ్తవా? నేనొచ్చేదాంక పొద్దుగాల నా నాడెకు గూడ నువ్వే మొక్కు. కండ్లకు మాత్రం అద్దుకోకు. నెత్తికి తాకిచ్చు, సాలు."