మూఢంలో మొదలైన సినిమా

పొద్దున్న మా ఆయన బజారు నుంచి చక్కెరకేళి అరటిపళ్ళు తెచ్చి వంటింటి గూట్లో పెట్టారు. మధ్యాహ్నానికల్లా ఇల్లంతా ఆ వాసనే. పూర్తిగా పండని పండు వాసన, కొంచెం తీపి, కొంచెం పచ్చి. అది ముక్కుకి తగిలితే చాలు, నేను రాజమహేంద్రవరంలో మా ఇంట్లో ఉండను. రావులపాలెం అరటి మార్కెట్టులో, గెలలు దించే షెడ్డు పక్కనున్న మేడ మీద గదిలో ఉంటాను. 'ఇక్కడ ఆడవారి ఫంక్షన్లకు ఆడవారే వీడియో తీయబడును' అని తప్పుల తడక బోర్డు ఉన్న గది అది. ఆ బోర్డు రాయించిన మనిషి ఇప్పుడు లేరు.

ఈవేళ ఆవిడ మరీ గుర్తొస్తున్నారు. సాయంత్రంలోగా నేనొక జవాబు పంపాలి. నేను తీసిన మొదటి సినిమాని వేరే రాష్ట్రంలో జరిగే ఫెస్టివల్ వాళ్ళు ఎంచుకున్నారు. ప్రదర్శన ఏ రోజో సరిగ్గా ఆ రోజే మా పాప అక్షరాభ్యాసానికి ముహూర్తం కుదిరింది. అది దాటితే మూఢం. గురుడో శుక్రుడో కనబడకుండా పోయే ఆ రోజుల్లో మా వైపు ఎవరూ ఏ శుభకార్యమూ తలపెట్టరు. "సినిమా ఇంకో ఊళ్ళో మళ్ళీ వేస్తారు. పిల్లకి ఈ వయసు మళ్ళీ వస్తుందా?" అన్నారు మా అత్తగారు. ఫెస్టివల్ నుంచి ఫోన్ చేసినావిడేమో, "పిల్లని ఇంట్లో వదిలేసి రండి. సినిమాని సీరియస్‌గా తీసుకునేవాళ్ళు అలాగే చేస్తారు" అంది. ఇద్దరూ నా మంచి కోరేవాళ్ళే. నాకు మాత్రం రాత్రి నుంచీ ఒళ్ళు మండుతోంది. ఇలాంటి మంట ఎలా వాడుకోవాలో నాకు నేర్పింది సత్యవతి గారే.

ఊళ్ళో అందరూ ఆవిడని వీడియో సత్యవతి అనేవారు. వాళ్ళది వ్యాపారస్తుల కుటుంబం. భర్తకి బజార్లో ఇత్తడి సామాన్ల కొట్టు ఉండేది. పెళ్ళిసామాను కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు, ముస్తాబు గదిలోకి మగ వీడియోవాళ్ళు తోసుకొచ్చేస్తున్నారని వాపోతుంటే విని, ఆవిడే కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నారు. నేను డిగ్రీ అయ్యాక ఆవిడ దగ్గర పనికి చేరతానంటే మా నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మొదటిరోజు నేను "మేడం" అని పిలిస్తే ఆవిడ చుట్టూ చూశారు.

"మేడం ఎవరే ఇక్కడ? పిన్నీ అను చాలు. ఆ లైటు ఇలా పట్టుకో."

అప్పటినుంచీ నాకు ఆవిడ పిన్నిగారే.

ఆవిడ సంగతి నాకు మొదట అర్థమైంది ఆత్రేయపురం వైపు ఒక పెళ్ళిలో. పగటి ముహూర్తం. తలంబ్రాలయ్యాక విస్తళ్ళు వేస్తున్నారు. వీడియోవాళ్ళు, సన్నాయివాళ్ళు ఆఖరి బంతిలో, మిగిలింది తినడం అన్నిచోట్లా రివాజు. పిన్నిగారు కెమెరాని స్టాండు మీద నిలబెట్టి, ఆన్ చేసి, తిన్నగా వెళ్ళి మొదటి బంతిలో కూర్చున్నారు. పక్కన వాళ్ళమ్మాయి, స్కూల్ యూనిఫాంలో. ఆ రోజు పిల్లకి ఒంటిపూట బడి. ఇంట్లో చూసేవాళ్ళు లేక పెళ్ళికి తెచ్చేశారు. వడ్డనలు చూసే పెద్దమనిషి గాభరాగా వచ్చాడు.

"ఆయ్, వీడియోవాళ్ళు ఆఖర్లో అండి. ముందు పెళ్ళివారు అవ్వాలి కదండీ."

"ఆఖరి బంతికి పనసపొట్టు కూర మిగలదు బాబూ. పొద్దున్నుంచీ నిలబడి ఉన్నాను. ఇక్కడ మూడాకులు వెయ్యి."

"మూడోదెవరికండి?"

"అదిగో, లైటు పట్టుకుని బిత్తరచూపులు చూస్తోందే, ఆ పిల్లకి."

ఆకులు పడ్డాయి. నేను సిగ్గుతో చచ్చిపోతూ కూర్చున్నాను. ఆవిడ మాత్రం కూర రెండోసారి వేయించుకున్నారు. చేయి కడుక్కుంటున్నప్పుడు, "ఎవరైనా జరిగి చోటిస్తారేమోనని చూస్తూ నిలబడకు దుర్గా. ముందు కూర్చో" అన్నారు. మా చుట్టుపక్కల ఊళ్ళలో అప్పటి పెళ్ళి వీడియోలు ఇప్పుడు పెట్టుకు చూసినా, మొదటి బంతి ఎప్పుడూ ఒకే కోణంలో, కదలకుండా ఉంటుంది. ఓ మూల పప్పులో నెయ్యి కలుపుకుంటూ సత్యవతి గారూ, పక్కన వాళ్ళమ్మాయీ కనబడతారు. పెళ్ళివాళ్ళు నవ్వుకునేవారు కానీ ఎవరూ పని మాన్పించలేదు. పని అంత బాగా చేసేవారు మరి.

ఆ ఏడు ఆషాఢం వెనకాలే మూఢం కూడా వచ్చింది. మా గదికి దిగువనున్న కాఫీ హోటల్లో పురోహితులు, సన్నాయి మేళం, డెకరేషన్‌వాళ్ళు దిగాలుగా కూర్చుని ఒకరినొకరు ఓదార్చుకుంటున్నారు. పిన్నిగారు మాత్రం కొత్త బ్యాటరీలు కొనుక్కొచ్చారు.

"ఎందుకండీ? పెళ్ళిళ్ళు లేవు కదా" అన్నాను.

"అదే కదే మరి! పెళ్ళిళ్ళు లేవు, గృహప్రవేశాలు లేవు, చుట్టాలిళ్ళలో ఒక్క వేడుక లేదు. నువ్వు రాకపోతే ఎలా అని ఒక్కరూ ఫోన్ చెయ్యరు. కెమెరా ఖాళీ, నేనూ ఖాళీ. నా సినిమా తియ్యడానికి ఇంతకంటే మంచి ముహూర్తం ఎవరు పెడతారు చెప్పు?"

ఆవిడ మనసులో ఒక సినిమా ఉందని నాకు తెలిసింది అప్పుడే. ఊరి పక్క ఏటి వంతెన దిగువన నావలో వల వేసే నూకరత్నం అనే ఆవిడ గురించి. భర్త పోయాక ఆ నావని అమ్మేయకుండా తనే నడుపుతూ, పట్టిన చేపలు తనే అమ్ముకునే మనిషి. పెళ్ళిళ్ళకి వెళ్తూ వంతెన మీంచి ఎన్నాళ్ళుగా ఆవిడని చూస్తున్నారో మరి, పిన్నిగారికి ఆ సినిమా మొత్తం ఒక ముక్క తేడా లేకుండా తెలుసు.

ఇంట్లో వాళ్ళ అత్తగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కాలూ పడిపోయాయి. నోరు మాత్రం నిక్షేపంగా ఉండేది. నేను కెమెరా సంచీ తీసుకోవడానికి వెళ్ళినప్పుడు పెద్దావిడ మంచం మీంచే గద్దించింది.

"మూఢంలో కొబ్బరికాయ కొట్టి కొత్త పని మొదలెడతావుటే? వంశానికి మంచిదేనా?"

"కొట్టనులెండి అత్తయ్యా. ఆ కాయ పచ్చడి చేసేస్తాను."

నిజంగానే చేశారు. ఆ పచ్చడి, పెరుగన్నం కట్టుకుని మేం ఏటిగట్టుకి వెళ్ళాం. సినిమా అలా మొదలైంది.

నూకరత్నం మొదట్లో తెగ విసుక్కునేది. "ఏంటమ్మా, రోజూ నా మొకవేనా? సేపల్ని తియ్యండి, అందంగా ఉంటాయి" అనేది. వరదనీరు ఎర్రగా దిగుతుంటే నావని గట్టుకి లాగే ఆ మనిషి చేతుల్ని పిన్నిగారు అలా చూస్తూ ఉండిపోయేవారు. నేను పక్కన మైకు పట్టుకునేదాన్ని. పనిలో ఉన్నంతసేపూ ఆవిడకి ఆకలి తెలిసేది కాదు, వాన తెలిసేది కాదు. కానీ పొద్దు వాలడం మొదలవగానే ఠక్కున కెమెరా సంచీలో పెట్టేసేవారు.

సినిమా వెలుగంటే అదే కదా. నీళ్ళు బంగారంలా మెరిసే వేళ. నాకు ప్రాణం ఉసూరుమనేది. ఒకరోజు ఉండబట్టలేక, "పిన్నిగారూ, ఒక్క అరగంట ఉంటే సినిమాకే అందం వచ్చేస్తుంది" అన్నాను.

"మా అత్తగారు నా చేత్తో పెడితే తప్ప తినరే."

"ఒక్కరోజు బాబాయిగారు పెట్టకూడదా?"

"ఆయన పెడతారు, ఈవిడ తినదు. మూతి బిగించేస్తుంది." జిప్పు లాగుతూ నా మొహంలోకి చూశారు. "అలా జాలిగా చూడకు. నన్నెవరూ తాడు కట్టి లాక్కెళ్ళట్లేదు. ఆ ముసలావిడ తిట్టుకుంటూ తింటుంటే చూడ్డం నాకిష్టం. ఇది తియ్యడమూ ఇష్టమే. రెండూ నావే."

ఇంతలో నూకరత్నం కూడా తెడ్డు భుజాన వేసుకుని లేచింది. "నేనూ పొయ్యి ఎలిగించాలమ్మా, పిల్లలొచ్చేత్తారు" అంటూ గట్టెక్కిపోయింది. ఏరు ఒక్కటే మిగిలింది, మెరుస్తూ.

రెండు మూఢాలు, మధ్యలో శూన్యమాసాలు, ఇలా తీసీ తీసీ సినిమా పూర్తయింది. దాన్ని ఒక ఫెస్టివల్‌కి పంపించింది నేనే. ఎంపికైందని కబురొచ్చినప్పుడు పిన్నిగారు అడిగిన మొదటి మాట, "చక్రాల కుర్చీ లోపలికి పోతుందా, కనుక్కో." అత్తగారిని వదిలి వెళ్ళే ఆలోచనే ఆవిడకి లేదు. మానేసే ఆలోచన అంతకంటే లేదు. రాజమండ్రిలో రైలెక్కించేటప్పుడు పెద్దావిడ ప్లాట్‌ఫాం పొడుగునా కోడల్ని తిడుతూనే ఉంది. అయినా జరీ అంచు చీర కట్టుకునే వచ్చింది.

అక్కడ గుమ్మం దగ్గర ఆపేశారు. దర్శకురాలితో ఒక్కరికే పాసట. ఆ ఒక్కటీ నా మెడలో ఉంది. ముసలావిడ బయట వరండాలో కూర్చోవచ్చట, ఫ్యాను ఉందట. పిన్నిగారు నాతో, "ఈవిడ కూడా చూస్తుంది, మొదటి వరసలో చోటు చెయ్యమను" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. చెప్పగానే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"ప్లీజ్ అన్నావా?"

"అంటారు కదండీ..."

"నేననలేదుగా! ఈవిడ కోసమే కదే రోజూ షూటింగు ఆపింది. ఈ సినిమాలో ఈవిడకి వాటా ఉంది. వాటాదారుకి ప్లీజ్ ఏంటి? మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను, ప్లీజ్ లేకుండా. ఓ కుర్చీ తీసి పక్కన పెట్టి, చక్రాల కుర్చీకి చోటు చేశారు.

సినిమా అయ్యాక ప్రశ్నలు. సన్నగా, గడ్డంతో ఉన్న ఒకాయన లేచి చాలా మెచ్చుకుని, "నది మీద సినిమా తీసి ఒక్క సూర్యాస్తమయమూ చూపించలేదు. అందాన్ని కావాలనే నిరాకరించారా?" అని అడిగాడు. నేను తెలుగులో చెప్పాను. పిన్నిగారు మైకు తీసుకున్నారు.

"సాయంత్రం మా అత్తగారికి అన్నం పెట్టాలండి."

అది విని హాలంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. నవ్వులు ఆగేదాకా ఆగారు.

"నవ్వడానికేముందండీ ఇందులో? ఆ వేళకి నూకరత్నమూ ఏటి మీద లేదు, వాళ్ళింట్లో పొయ్యి దగ్గర ఉంది. నేను మా ఇంట్లో ఉన్నాను. మీరంటున్న ఆ అందం చూడ్డానికి మాలో ఎవరున్నారని? లేనివాళ్ళని ఉన్నట్టు ఎలా తియ్యనండీ?"

నేనది ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ఇంకొకరు చెయ్యెత్తేలోపే మొదటి వరసలోంచి పెద్దావిడ గట్టిగా అడిగింది.

"కొబ్బరికాయ కొట్టకుండానే ఇంత దూరం వచ్చిందిటే నీ సినిమా?"

"వచ్చింది కదండీ."

"అయితే ఇంటికెళ్ళాక కొట్టెయ్."

"వెళ్ళేసరికి మళ్ళీ మూఢం వచ్చేస్తుంది అత్తయ్యా."

పెద్దావిడ ఎడమచేత్తో జరీ అంచు సర్దుకుంది. "సరేలే, పచ్చడి చెయ్యి" అంది.

ఆవిడ తీసింది ఆ ఒక్క సినిమాయే. తర్వాత పిల్లల చదువులొచ్చాయి, బాబాయిగారికి గుండె ఆపరేషన్ అయింది, ఇంకో సినిమా మొదలై సగంలో ఉండగా ఆవిడే వెళ్ళిపోయారు. కిందటేడు ఇక్కడ సంతాపసభ పెడితే ఒక పెద్దమనిషి మైకులో నిట్టూర్చాడు. కుటుంబ బాధ్యతలే లేకపోతే సత్యవతి గారు పది సినిమాలు తీసి ఉండేవారట. నేను నా వంతు వచ్చేదాకా ఆగలేక లేచి నిలబడ్డాను. ఆవిడ మీద జాలిపడే హక్కు మీకెవరిచ్చారండీ అన్నాను. ఆ సినిమా ఆ ఇంట్లోంచే వచ్చింది, ఆ ఇల్లు తీసేస్తే సినిమా కూడా ఉండదన్నాను. సభలో గొడవేంటని కొందరు నొచ్చుకున్నారు. నొచ్చుకోనివ్వండి. ఆవిడ ఉంటే కూర రెండోసారి వేయించుకున్నంత తృప్తిగా వినేవారు.

నా సినిమా కూడా మూఢాల్లోనే తీశాను. చుట్టాలకి నా అవసరం లేని రోజులు ఏరుకుని, చంటిపిల్లని చంకనేసుకుని తీశాను. అలా ఇన్నాళ్ళూ నన్ను కాసిన మూఢమే ఇప్పుడు తలుపు మూసేస్తానంటూ వస్తోంది. పొద్దున్నుంచీ అందరూ నన్ను ఇదా అదా అని అడుగుతున్నారు. ఇదే సినిమా మా ఆయన తీసి ఉంటే ఆ ప్రశ్న అడిగేవారా? ముహూర్తానికి వెళ్ళినా సినిమాకి వెళ్ళినా ఆయన గొప్పవాడే అయ్యేవాడు.

అరటిపండు ఒకటి ఒలిచి పాప చేతికిచ్చి, మా అత్తగారి గదిలోకి వెళ్ళాను.

"అత్తయ్యా, ముహూర్తం పొద్దున్న. సినిమా సాయంత్రం. పలకా, బియ్యం అక్కడికే తీసుకెళ్దాం. మీ అబ్బాయితోపాటు మీరూ వస్తున్నారు."

"హోటల్ గదిలో అక్షరాభ్యాసమా? పంతులుగారో?"

"వీడియో కాల్లో మంత్రం చెప్తారు. పాప వేలు పట్టుకుని దిద్దించేది మీరే. మీరు రాకపోతే అక్షరాభ్యాసమూ లేదు, సినిమా కూడా లేదు."

చివరి మాట బెదిరింపే, ఒప్పుకుంటాను. అది నిజం కూడా. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత, "హోటల్ బియ్యం నాకు పనికిరావు. మన బియ్యమే మూటకట్టు" అని, వెండిపళ్ళెం వెతకడానికి బీరువా తీశారు.

ఇప్పుడే కూర్చుని జవాబు రాశాను. ప్రదర్శనకి వస్తున్నాం, నలుగురం, అందులో ఒకరికి నాలుగేళ్ళు. మొదటి వరసలో నాలుగు కుర్చీలు కావాలి. చివర్లో ప్లీజ్ అని కూడా టైపు చేశాను, వేళ్ళ అలవాటు. వంటింట్లోంచి చక్కెరకేళి వాసన వచ్చింది. ఆ ఒక్క మాటా చెరిపేసి పంపించాను.