నాన్నగారు చూడనన్న ముహూర్తం

ఎంటెక్ ఎంట్రన్స్ మళ్లీ రాయాలా వద్దా తేల్చుకోవడానికి నాకు ఆ సాయంత్రం వరకే గడువు. ఆ తర్వాత అప్లికేషన్లు తీసుకోరు. అటు తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీవాళ్లు ల్యాబ్‌లో ఉద్యోగం ఇస్తాం, సోమవారం వచ్చి చేరమన్నారు. చేరిపోతే ఇక పరీక్ష మాట ఎవరూ ఎత్తరు. రాస్తే, రెండోసారి కూడా పోతే?

మొదటిసారి ఏర్పాట్లకేం తక్కువ చెయ్యలేదు. మా నాన్నగారు ముదినేపల్లిలో పౌరోహిత్యం చేస్తారు. చెరువులో చేపపిల్ల వదలాలన్నా జనం ఆయన్నడిగే వదులుతారు. పరీక్ష ఏలూరులో. బయల్దేరే వేళకి వర్జ్యం ఉందని, ముందురోజే మంచి గడియ చూసి నా సంచి పక్కింట్లో పెట్టించారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్కట. పొద్దున్నే గుమ్మంలో అమ్మ ఎదురొచ్చింది. ఇంతా చేసి పంపిస్తే, అక్కడ కంప్యూటర్ ముందు కూర్చోగానే నా బుర్ర మొద్దుబారిపోయింది. చదివిన ప్రశ్నలే, ఒక్కటీ అర్థం కాలేదు. తిరుగు బస్సు కొల్లేరు దాటుతుంటే ఇంట్లో ఏం చెప్పాలా అని ఏడుపొచ్చింది.

ఫలితాలొచ్చాక నాన్నగారు, "నీ చదువులో లోపం లేదమ్మా, నేను పెట్టిన ముహూర్తంలోనే ఉంది" అన్నారు. అడిగిన చుట్టాలందరికీ అదే చెప్పారు. ఆయన వృత్తిలో ఉన్నవాళ్లు ఆ మాట నలుగురిలో అనరు. నేను మాత్రం హమ్మయ్య అనుకున్నాను.

అందుకే ఆ సాయంత్రం కూడా ఫోన్ పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్లాను.

"నాన్నగారూ, ఒక్కసారి పంచాంగం చూడండి. అప్లికేషన్ ఎప్పుడు పెట్టమంటారు?"

ఆయన కొబ్బరికాయకి పీచు తీస్తున్నారు. తలెత్తలేదు.

"ఈసారి నేను చూడనమ్మా."

"అదేంటండీ? ఊళ్లోవాళ్ల మోటారు సైకిళ్లకి కూడా చూస్తారు. నాకు చూడరా?"

"బాగుందనే చెప్పాను కదా అప్పుడు. ఏమైంది? మళ్లీ చెప్పాలంటే నాకు భయంగా ఉంది."

నాన్నగారి నోట భయం అన్న మాట నేనెప్పుడూ వినలేదు. కసిరి ఉంటే పోట్లాడేదాన్ని. ఆ మాట విన్నాక ఇంకేం అడక్కుండా బయటికొచ్చేశాను.

వీధరుగు మీద కూర్చుని, ఉద్యోగంలో చేరతానని మెసేజ్ కొట్టాను. చెరిపేశాను. మళ్లీ కొట్టాను. ఈసారి పోతే తప్పు తన మీద వేసుకోవడానికి నాన్నగారు ఉండరు. పోతే నావల్లే పోతుంది. నా భయమంతా అదేనని అప్పటికి గాని తెలిసిరాలేదు. తెలిస్తే తగ్గుతుందా, ఇంకా పెరిగింది. ఆ మెసేజ్ కూడా చెరిపేసి, అప్లికేషన్ నింపి పరీక్ష ఫీజు కట్టేశాను.

లోపలికెళ్లి నాన్నగారికి చెప్పాను. కట్టిన వేళ మంచిదో కాదో చూద్దామని గోడ గడియారం వైపు తిరగబోయిన మనిషి, సగంలో ఆగి, తల దించేసుకున్నారు.