లోయలో పడ్డ ముసుగు వీరుడు

లాక్‌డౌన్ రోజులు. సూరత్‌లో తెలుగువాళ్లు ఎక్కువుండే లింబాయత్‌లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. మగ్గం పనిచేసే మా ఆయన అప్పటికే చనిపోయాడు. ఎదురింటి రాజవ్వ టీవీని కిటికీవైపు తిప్పిపెడితే, నా గడపలో కూర్చుని ముసుగు వీరుడి గుర్రాల పాత సీరియల్ చూసేదాన్ని. అదే గుట్ట పదిసార్లు కనిపించినా నాకు ముద్దే.

ఒకనాడు వీరుడి గుర్రబండి లోయలో పడగానే కరెంటు పోయింది. ఆగలేక, రాజవ్వకేమైనా తెలుసేమో అడుగుదామని గల్లీ దాటబోతే మన తెలుగు పోలీసాయనే లాఠీ అడ్డం పెట్టాడు.

"బండి లోయల పడ్డది సాబ్, మనిషి ఉన్నడో పోయిండో" అన్నాను ఏడుపు గొంతుతో.

ఆయన కంగారుగా అంబులెన్సును పిలవడానికి ఫోన్ తీశాడు.

"టీవీల సాబ్."

కిటికీలన్నీ నవ్వాయి. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆయన ఫోన్ జేబులో పెట్టి, "బతికిండు మాసీ, ముందే దూకిండు. నా చిన్నప్పుడే చూసిన. ఇంటికి పో" అన్నాడు.

జుర్మానా తప్పింది. కానీ కథ ముందే చెప్పేసినందుకు ఆయన మీద నాకింకా కోపమే.